అత్త దాటని గడప

మా అత్త పోయింది. కబురు వచ్చేసరికి నేను అంగడిలో ఒకామెకు జాకెట్టు గుడ్డ కొలుస్తున్నాను. ఫోన్లో మా ఆవిడ "అమ్మ లేస్తా లేదు" అంది. మళ్ళీ తనే "అమ్మ లేదు" అంది. నేను సరే అన్నాను. గుడ్డ కత్తిరించి, మడిచి, కవర్లో పెట్టి ఆమె చేతికిచ్చి, సరిపోయే లైనింగు పక్కంగట్లో దొరుకుతుందని కూడా చెప్పి, అప్పుడు షట్టరు దించాను. మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి అట్లాగే ఉండిపోయిందట. డాక్టరు గుండె అన్నాడు.

అత్త అంటే మా ఆవిడ తల్లి. సొంతూరు కమలాపురం. మామ పోయాక కొడుకు దగ్గరే ఉండేది. కొన్నేళ్ళ కింద మా ఆవిడకు ఆపరేషన్ అయితే, లేచి తిరిగేదాకా వండిపెట్టి పోదామని కర్నూలు వచ్చింది, ఉండిపోయింది. "కూతురింట్లో ఉండేదేంది, అల్లుని ముందర తిరిగేదేంది" అని ప్రతి పండక్కీ సంచి సర్దుకునేది. పండగ కాగానే సంచి విప్పేది. ఆ సర్దడం, విప్పడం కూడా పండగలో భాగమే అనుకునేవాళ్ళం.

మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో ఆ కాలం ఆడవాళ్ళు అల్లుడికి ఎదురుపడి మాట్లాడరు. అల్లుడు కూర్చున్న చోట కూర్చోరు. అల్లుడు పడుకునే గదిలో కాలు పెట్టరు. ఇప్పుడెవరు పాటిస్తున్నారండీ ఇవన్నీ అంటే, మా అత్త పాటించేది. అలాగని నోరు కట్టుకునే మనిషి కాదు. కూతురు పక్కనుంటే కూతురితో చెప్పేది, లేకుంటే ఫ్రిజ్‌తో చెప్పేది, తలుపుతో చెప్పేది. "ఉగ్గాని చల్లారిపోతాండాది" అని తలుపుకు చెబితే నేను లేచి వెళ్ళి తినేవాణ్ణి. "వాన వచ్చేట్టుండాది, గొడుగు ఈడనే ఉండాది" అని ఫ్రిజ్‌కు చెబితే గొడుగు తీసుకుని బయలుదేరేవాణ్ణి. నేనూ తక్కువ తినలేదు. "ఈ రోజు పులుసు బాగా కుదిరింది" అని గోడగడియారానికి చెప్పేవాణ్ణి. వంటింట్లో గాజుల చప్పుడు అయ్యేది. అదే ఆమె జవాబు.

గడప అన్నానని ఎత్తయిన పాతకాలం గడప అనుకునేరు. మా గదికి ఉన్నది తెల్ల టైల్సు మధ్యలో అతికించిన కడప బండ, జానెడు వెడల్పు నల్ల గీత. దొర్లుకుంటూ కూడా దాటొచ్చు. మా అత్త ఉన్నన్నాళ్ళూ ఆ గీత దాటలేదు. నేను ఊళ్ళో లేనప్పుడు కూడా దాటేది కాదని మా ఆవిడ చెప్పేది. ఉతికిన బట్టలు తెచ్చి గీత మీదే పెట్టి పోయేది.

నాకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. నా గురక సంగతి వీధిలో అందరూ ఎరుగుదురు. ఆ గురక మధ్యలో ఊపిరి నిలిచిపోతోందని తెలిసింది మాత్రం, అంగట్లో బేరం మధ్యలో కునుకు తీయడం మొదలయ్యాక. "ఏమన్నా, రేటు చెప్పమంటే నిద్ర పోతాండావు" అని ఒకామె చీర వదిలేసి లేచి వెళ్ళిపోయింది. పరీక్ష చేసి డాక్టరు మిషన్ రాశాడు. మంచం పక్కన చిన్న పెట్టె, దానికొక గొట్టం, గొట్టం కొసన ముక్కుకు తగిలించుకునే మాస్కు. పడుకున్నంతసేపూ అది ముక్కులోకి గాలి తోస్తూ ఉంటుంది, గొంతు మూతపడకుండా. మానేస్తే గుండెకు దెబ్బ అని డాక్టరు గట్టిగానే చెప్పాడు. మిషన్ ఇంటికి వచ్చిన రోజు అత్త గీత అవతల నిలబడి కూతుర్ని అడిగింది.

"ఏమ్మే, అది ఊపిరి పెట్టేదా, తీసుకునేదా?"

"పెట్టేదే మా."

"పెట్టేదైతే మంచిదే. ఉండనీ."

మొదట్లో హాయిగా ఉండింది. కొన్నాళ్ళకు ముక్కు మూసుకోవడం మొదలైంది. ఈ మిషన్ వాడేవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. ముక్కు మూసుకుంటే గాలికి దారి ఉండదు. మాస్కు అంచుల్లోంచి బుస్సుమని తన్నుకొస్తుంది, నోరు తెరుచుకుంటుంది, గొంతు ఎండిపోతుంది. చివరికి మాస్కు పీకి పక్కన పడేస్తాం. మందుల షాపులో ముక్కులోకి చుక్కలు ఇచ్చారు. వేసుకోగానే తెరుచుకుంది. హాయిగా ఉందని రోజూ వేసుకుంటూ పోతే, మందు వేస్తే గానీ తెరుచుకోని స్థితికి వచ్చింది. డాక్టరు తిట్టి మాన్పించాడు. మిషన్‌లో నీళ్ళ డబ్బా పెట్టి, గాలి వెచ్చగా, తేమగా వచ్చేట్టు చేశాడు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోమన్నాడు. మాస్కూ గొట్టమూ ఎప్పటికప్పుడు కడగమన్నాడు. అన్నీ చేశాను. సగం తగ్గింది. సగం ఉండిపోయింది.

ఆ మిగిలిన సగాన్ని అత్త తన నెత్తిన వేసుకుంది. సాయంత్రం అంగడి నుంచి రాగానే గదిలో కూర్చుంటానా, గీత మీద టంగుమని గరిటె చప్పుడు అయ్యేది. చూస్తే వాము వేసి మరిగించిన నీళ్ళ గిన్నె, పక్కన మడిచిన తువ్వాలు. మనిషి కనపడదు. "ముక్కును బతిమాలుకోవల్ల గానీ దాంతో కొట్లాడగూడదు" అని వంటింట్లోంచి ఫ్రిజ్‌కు హితబోధ వినపడేది. తువ్వాలు కప్పుకుని ఆవిరి పట్టేవాణ్ణి. కాసేపటికి నిజంగానే ముక్కు తెరుచుకునేది.

సరిగ్గా అప్పుడే సాంబ్రాణి వచ్చేది.

దీపం పెట్టాక నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఇల్లంతా తిప్పడం ఆమెకు పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. అన్ని గదుల్లోకీ పోయేది. నా గది దగ్గర మాత్రం గీత మీద ఆగిపోయి, లోపలికి రాకూడదు కాబట్టి విసనకర్రతో పొగ లోపలికి విసిరేది. నా ముక్కు సంగతి తెలిశాక సాంబ్రాణి రెట్టింపు చేసింది. జలుబుకు మంచిదని ఆమె నమ్మకం. గుమ్మంలో నిలబడి చెయ్యి నొప్పి పుట్టేదాకా విసిరి, పొగ బయటికి పోకుండా తలుపు దగ్గరికి వేసి పోయేది. లోపలికి వచ్చే మనిషే అయితే ఒక చుట్టు తిప్పి పోయేది. రాకూడదు కాబట్టే అంత పొగ. మంచం పక్కన మిషన్ ఆ గాలినే తాగి, ఆ గాలినే నాకు పెట్టేది.

నాకు ఆ ఊహే తట్టలేదు. కర్నూలు దుమ్ము అనుకున్నాను. ఒకసారి ఆమె కొడుకు ఇంటికని కమలాపురం పోయింది. రెండు రోజుల్లో ముక్కు తెరుచుకుంది. ఆ సంబరంలో మా ఆవిడతో అనేశాను, "అత్త లేకపోతే ముక్కు బాగుండాది చూడు" అని. మా ఆవిడ చేతిలో చేట కింద పెట్టింది.

"మా అమ్మ ఇంట్లో ఉంటే మీకు ముక్కు మూసుకుంటాదా?"

ఆ మాట మీద రెండు రోజులు మా ఇద్దరి మధ్య మాటల్లేవు. నేనూ ఫ్రిజ్‌తోనే మాట్లాడాను. చల్లబడ్డాక ఇద్దరం కూర్చుని ఆలోచిస్తే సాంబ్రాణి తేలింది. మరి ఆమెకు చెప్పేదెవరు? "మీరే చెప్పండి" అంది మా ఆవిడ. అల్లుడు అత్తతో, నీ సాంబ్రాణి నాకు పడదని ఎట్లా చెబుతాడు? మర్నాడే సంచి సర్దుకుంటుంది, ఈసారి విప్పదు. కూతురు చెబితే అల్లుడే చెప్పించాడనుకుంటుంది. పైగా ఆ ఇంట్లో ఆమె గుమ్మంలో నిలబడి నాకంటూ ఇచ్చేది ఆ పొగ ఒక్కటే. ఇద్దరం ఊరుకున్నాం. ముక్కు మూసుకున్న రోజు మిషన్ తీసేసి పడుకునేవాణ్ణి. తెల్లారి తల బరువు, పగలు కునుకు. ఒక మధ్యాహ్నం నంద్యాల రోడ్డులో స్కూటర్ మీదే కళ్ళు మూతపడి డివైడర్‌కు కొట్టుకున్నాను. మోకాలు చీరుకుపోవడంతో సరిపోయింది. లారీ ఏదన్నా వెనక ఉంటే సరిపోయేది కాదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు బనగానపల్లెలో మా అన్న పోయాడు. మేమిద్దరం అక్కడే ఉన్నాం, ఇంట్లో అత్త ఒక్కతే. మైల తీరి కర్నూలు వచ్చిన సాయంత్రం, గదిలో మంచం మీద కూర్చుంటే అప్పుడొచ్చింది ఏడుపు. అక్కడ పదిమందిలో రానిది ఇక్కడొచ్చింది. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. తల ఎత్తి చూస్తే గుమ్మంలో అత్త, చేతిలో సాంబ్రాణి నిప్పులు. విసనకర్ర కదలడం లేదు. నా వైపే చూస్తోంది. తలుపు వైపు కాదు, నా వైపు.

"నాయనా" అంది. "ఏడ్చేదుంటే పొద్దున పూట ఏడువు. మాపటికి ముక్కు ఆరిపోతాది. ఇప్పుడు ఏడిస్తే ఆ మిషను ఎట్ల పెట్టుకుంటావు?"

అంతే. వెనక్కి తిరిగి నిప్పులు పెరట్లోకి తీసుకుపోయింది. నన్ను నువ్వు అన్నది, నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే. నేను లేచి మొహం కడుక్కుని, ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుని, చెప్పిన మాట విన్నాను. మరుసటి రోజు పొద్దున్నే పెరట్లో కూర్చుని అన్న కోసం తీరిగ్గా ఏడ్చాను. వంటింట్లో గాజుల చప్పుడు కాలేదు. నేను లేచాక, "కాఫీ చల్లారిపోతాండాది" అని మళ్ళీ తలుపుకే చెప్పింది.

ఆ రోజు నుంచి సాంబ్రాణి నా గదికి రాలేదు. దీపం పెట్టగానే ముందు వచ్చి నా తలుపు లాగి మూసేది. ఒక పాత తువ్వాలు తడిపి, గట్టిగా పిండి, తలుపు కింద సందులో వత్తేది. ఎంత గట్టిగా పిండేదంటే, తీశాక కింద చెమ్మ కూడా ఉండేది కాదు. తర్వాతే నిప్పుల మీద సాంబ్రాణి చల్లేది. మిగతా ఇల్లంతా తిప్పి, పెరటి తలుపు తెరిచి పొగ బయటికి విసిరేది. నా ముక్కు కుదుటపడింది. బేరాల మధ్య కునుకు పోయింది. అన్న పోయిన ఇంటి మనిషినని జాలిపడి ఆ అలవాటు మార్చుకుందేమో అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

అసలు సంగతి అత్త పోయాక కమలాపురంలో తెలిసింది. అత్తను అక్కడికే తీసుకుపోయాం, కర్మలన్నీ మా బావమరిది చేశాడు. ఆ రోజుల్లోనే మా ఆవిడ చెప్పింది. మేం బనగానపల్లె పోయే ముందు తను మిషన్‌లో గాలి వడగట్టే స్పాంజి ఫిల్టర్ ఉతికి తీగ మీద వేసి మర్చిపోయిందట. బట్టలు తీస్తూ అత్త దాన్ని చూసింది. ఉతికినా పోని నలుపు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఫోన్ చేసింది.

"ఏమ్మే, ఈ నల్ల ముక్క ఏంది? సాంబ్రాణి వాసన కొడతాండాది."

అదేమిటో మా ఆవిడ చెప్పక తప్పలేదు. అత్త అంతా విందట. తర్వాత, "ఇన్నాళ్ళూ అల్లుని ముక్కు మూసింది నేనేనా?" అందట. ఆ వెంటనే, "అల్లునికి నువ్వేం చెప్పొద్దు. నేనే చెప్తా" అందట.

నేనే చెప్తా అన్నది. ఆ సాయంత్రం పొగ విసరకుండా గుమ్మంలో నిలబడి చెప్పబోయింది అదన్నమాట. నేను ఏడుస్తూ కనబడేసరికి అది వదిలేసి, నాకు పనికొచ్చేది చెప్పింది.

ఇది విన్నప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. అప్పటి నుంచి ఇదే వరస. సాయంత్రాలు గొంతు దాకా వస్తుంది. మాపు కదా, ముక్కు మూసుకుంటుంది కదా అని మింగేస్తాను. పొద్దున ఏడుద్దామని పెరట్లోకి వెళ్ళి కూర్చుంటాను. పాలవాడు వస్తాడు, కుళాయి వస్తుంది, అంగడి తాళాలు వెతుక్కోవాలి. రాదు. బాధగా ఉందని చెప్పడానికి కూడా నా దగ్గర బాధ కనపడదు. కాళ్ళు తిమ్మిరెక్కితే నేల తెలియదే, అట్లా ఉంది. ఆమె అంటే నాకు చాలా ఇష్టం. ఆ మాట ఆమెకు చెప్పలేదు. గడియారానికి కూడా చెప్పలేదు.

నిన్న సాయంత్రం మా ఆవిడ మళ్ళీ దీపం పెట్టింది. నేను గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాను. అగ్గిపుల్ల గీసిన చప్పుడు విన్నాను. తర్వాత నా తలుపు దగ్గర గాజులు వినపడ్డాయి. తలుపు దానంతటది మూసుకుంది, అవతల నుంచి ఎవరో లాగినట్టు. ఎవరో ఏమిటి, మా ఆవిడే. తెలిసి కూడా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాను. తలుపు కింద తువ్వాలు వత్తుతున్న చప్పుడు కూడా అచ్చం అదే.

కానీ మా ఆవిడకు తల్లి లాగా పిండడం రాదు.

అత్త ఉన్నన్నాళ్ళూ దాటని ఆ నల్లబండ గీత మీద ముందు తడి మెరిసింది. కాసేపు అక్కడే ఆగింది. తర్వాత సన్నటి నీళ్ళ ధార ఒకటి గీత దాటి, తెల్ల టైల్సు మీద మెల్లగా నా మంచం వైపు వచ్చింది.