కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ

అమ్మ పోయిన మూడేళ్లకు నాకు పెద్ద భయం పట్టుకుంది. కళ్లు మూసుకుంటే అమ్మ రావడం మానేసింది, బదులుగా ఆధార్ కార్డులోని ఫోటో రాసాగింది. మాకు మిగిలిన ఫోటో అదొక్కటే. కెమెరా కనబడితే తలుపు చాటుకు పోయే మనిషి, కార్డు కోసం మాత్రం తప్పించుకోలేకపోయింది.

నేను డ్రాయింగ్ టీచర్ని. చదువుకునే రోజుల్లో రాగి రేకు మీద బొమ్మ చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీయడం నేర్చుకున్నాను. నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో దొరల ముఖాలూ పండితుల ముఖాలూ ఇలాగే చెక్కేవారు. చెక్కేవాడు చాలాసార్లు ఆ మనిషిని చూసి కూడా ఉండడు. ఎవరో వేసిన పటం ముందు పెట్టుకుని, సన్నగీతలూ లావుగీతలతోనే బుగ్గ నునుపూ కంటి తడీ తెప్పించేవాడు. చూడని మనిషికే వాళ్లు ప్రాణం పోస్తే, కన్నతల్లిని నేను చెక్కలేనా అని రోషం వచ్చింది.

అల్లూరులో మా ఇంటి వసారాలో, ఆ కార్డు ముందు పెట్టుకుని, వేసవి సెలవులంతా కూర్చున్నాను. పక్కనే రొయ్యల గుంటలో ఏరేటర్లు నీళ్లు చిలుకుతూ ఉండేవి. ఉక్కు మొనను రేకు మీద తోస్తుంటే సన్నని రాగి తీగ చుట్టుకుంటూ లేచేది. గీత తప్పితే చెరపడం మహా కష్టం. కళ్లకే పది రోజులు పట్టింది. చివర్న ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ పెట్టి, నేను చదివిన కాలేజీకి వెళ్లి అచ్చు తీసుకొచ్చాను.

మొదటి కాగితం పిన్ని చేతిలో పెట్టాను. అమ్మను చెల్లెలికన్నా బాగా గుర్తుపట్టేవాళ్లు ఎవరున్నారు?

“ఇదేందిమే! అక్క మచ్చ ఎడం పక్క కదా. కుడికి మార్చినావే!”

రేకు మీద చెక్కింది కాగితం మీద కుడి ఎడమలు మారి పడుతుంది. ముందే తిప్పి గీసుకోవాలని పిల్లలకు ఏటా చెప్పే నేను, అమ్మ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. ఏడుపొచ్చింది. చించేద్దామని కాగితం లాక్కున్నాను.

చించలేకపోయాను. అందులోంచి నన్ను చూస్తున్నది అమ్మే, కార్డులోని మనిషి కాదు. ఎందుకో తెలియడానికి కాసేపు పట్టింది. అమ్మ ఎప్పుడూ పొయ్యి వైపో పొలం వైపో తిరిగి ఉండేది. ఆమె ముఖాన్ని నేను తీరిగ్గా చూసింది బడికి వెళ్లే ముందు జడ వేసేటప్పుడే, గోడ అద్దంలో. నా వెనక నిలబడి, “కదలమాక” అని కసిరేది. ఆ అద్దంలో మచ్చ కుడి బుగ్గ మీదే ఉండేది.

“ఇంకోటి సరిగ్గా చెయ్యిమే,” అంది పిన్ని. చెయ్యనన్నాను. ఈ వయసులో, సిగ్గు లేకుండా, జుట్టు విప్పుకుని ఆ కాగితం ముందు కూర్చోవాలనిపించింది.