లంక ఆకు రేవు దాటింది

డెబ్బైల్లో బెజవాడ స్టేషన్ దగ్గర నాకు చిన్న భోజన హోటల్ ఉండేది. బియ్యం, పప్పు నిల్వ ఉంటాయి. అరిటాకు అలా కాదు, రెండో రోజుకే వాడిపోయి మడత దగ్గర చిరుగుతుంది. ఆ ఆకంతా ఒక్క బేరగాడి చేతిలో ఉండేది. కృష్ణ మధ్య లంకల్లో తోటలవాళ్లకు ముందే బయానా ఇచ్చి, ఊళ్లో హోటళ్లన్నిటికీ అతనే వేసేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో మంచి ఆకు పందిళ్లకు పోయి మాకు చిరుగులు మిగిలేవి. చారు బల్ల మీదికి, అక్కడి నుంచి పంచెల మీదికి కారేది. జనం తిట్టి లేచిపోయేవారు. ఇలాగే సాగితే ఏడాది తిరక్కముందే హోటల్‌కు తాళం పడుతుందని తేలింది. బడికి పోకపోయినా ఆ మాత్రం లెక్క నాకు వచ్చు.

భవానీపురం రేవుకు ఎదురు లంకలో ఒక క్రైస్తవ వితంతువు అరటి వేసేది. బేరగాడి బయానా ముట్టని తోట అదొక్కటే.

"ఏడాది పొడుగునా కొంటానంటే కోస్తానండి. పెళ్లిళ్లప్పుడు కాళ్లావేళ్లా పడి, ఆషాఢంలో మొహం చాటేస్తే కుదరదు," అంది. ఒప్పుకున్నాను.

మొదటి పడవకు మా ఆవిడ ముహూర్తం పెట్టించింది. కొత్త బేరానికి అది మామూలే. తోటామె తమ్ముడే పడవతను. ఆకు కట్టలతో పడవ తెచ్చి రేవుకు ఆనించాడు. నేను కొబ్బరికాయ ఎత్తేసరికి బేరగాడు తన మనుషులతో మెట్లు దిగుతున్నాడు.

"ఈ నెల్లో మంచి గడియ ఇదొక్కటేనంట బాబాయ్. నువ్వు పిలవకపోయినా పంచాంగం పిలిచింది," అన్నాడు.

"ఆ ఆకు నేను కొన్నదిరా."

"నీదేలే. కృష్ణమ్మకి వడ్డిస్తున్నాం."

కట్టలను కత్తులతో నరికి నీళ్లలోకి తన్నారు. అడ్డొచ్చిన పడవతని చేతిలోంచి పడవ తోసే గెడ లాక్కుని, దాని కొసతో అతని మొహం మీద పొడిచారు. నా జుట్టు పట్టుకుని మెట్టుకేసి కొట్టారు. నోట్లో పళ్లు కదిలి ఊడాయి. తలెత్తేసరికి పడవతను మొహం పట్టుకుని మోకాళ్ల మీద ఉన్నాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం ఆకుల మీద పడుతోంది. బట్టలుతికేవాళ్లు చూస్తూ నిలబడ్డారు.

అతని ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రి వరండాలో అతని అక్కతో "ఇక ఆపేద్దామమ్మా" అన్నాను.

"కన్ను పోయాక ఆపుతారా? అది ముందే అనాల్సిందండి," అంది.

అప్పుడు లెక్క వేశాను. ఒక తోట, ఒక పడవ, ఒక రేవు, ఒక గడియ. ఎక్కడ కొట్టినా మొత్తం తెగుతుంది. ఇంకో నాలుగు హోటళ్లను కలుపుకున్నాను. ఆషాఢంలోనూ కొంటామని అందరం మాటిచ్చాక, మరో ముగ్గురు తోటలవాళ్లు బేరగాడి బయానా వెనక్కిచ్చారు. ఆకు చిన్న కట్టలుగా, కూరగాయలమ్మే లంక ఆడవాళ్ల గంపల్లో, వేరువేరు రేవులకు వచ్చేది.

"రాహుకాలంలో బయల్దేరితే మీకేమన్నా పట్టింపా?" అని తోటామె అడిగింది.

"మంచి గడియలోనే కదా కన్ను పోయింది. రానీ," అన్నాను.

బేరగాడి మనుషులు ఊరుకోలేదు. ఒకామె గంప తన్ని ఆమెను చెప్పుతో కొట్టారు. ఒక హోటల్ అద్దాలు పగలగొట్టి వంటవాడి మీద మరిగే గంజి పోశారు. చివరకు బేరగాడే రేవులో తోటామె గంపకు చెయ్యేశాడు. ఆమె ఆకుకోసే కొడవలి తీసి ఆ చేతి మీద వేసింది. రెండు వేళ్లు మెట్ల మీద పడ్డాయి.

"కేసు పెడతానే!" అని అరిచాడు.

"పెట్టు. ముందు అందులో నా తమ్ముడి కన్ను రాయించు," అంది. కొడవలి ఇంకా చేతిలోనే ఉంది.

అతను కేసు పెట్టలేదు. వానలు మొదలయ్యేసరికి తోటలవాళ్లు చాలామంది నేరుగా మాకే ఆకు వేస్తున్నారు. హోటల్ నిలిచింది.

పడవతను మళ్లీ గెడ పట్టాడు. ఒంటికన్నుతో ఒడ్డు ఎంత దూరమో తెలియక మొదట్లో పడవను మెట్లకు గుద్దేవాడు. అది వచ్చే వేళకు నేను పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగి, పడవ ముక్కు పట్టుకుని ఆపేవాణ్ణి.