చిన్నమ్మను ఇంటికే తెచ్చాం

పోయిన వారం చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది. దవాఖాన నుంచి ఇంటికే తీస్కపోతున్నం, కొల్లూరుకు." ఏడుపు కంటే ముందు నాకు ఊరట కలిగింది. తప్పుగా అనుకోకండి, ఎందుకో చెబుతాను.

చిన్నమ్మ బొల్లారంలో ఒక మందుల కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసేది. సెలవు రోజున వ్యాసాలు రాసేది. చిన్న పత్రికల్లో అచ్చయ్యేవి. రాసేదంతా తన బతుకే. పోతిరెడ్డిపల్లిలో కిరాయి ఇల్లు వెతుక్కుంటూ తిరిగినప్పుడు ఎవరు ఏమన్నారో అదే రాసేది. 'వివక్ష' అన్న మాట నేను అందించినా కొట్టేసేది. "వాళ్లన్నది అన్నట్టు రాస్తే సాలు బిడ్డా. సదివేటోళ్లకు సమజైతది."

ఇల్లు చూడటానికి వెళ్తే, వాళ్లు అడగకముందే తనే చెప్పేసేది. "మేం మాదిగోళ్లం." నేను మోచేత్తో పొడిచేదాన్ని. "ఇల్లు నచ్చినంక కాదంటే పానం గుంజుతది. ముందే చెప్తే పరేషాన్ లేదు" అనేది. ఓనర్లు కులం గురించి ఒక్క మాటా అనేవాళ్లు కాదు, పాపం. నీళ్లు లేవనేవాళ్లు. "మా కులం పేరు చెప్తే సాలు, పోతిరెడ్డిపల్లిల బోర్లన్నీ ఎండిపోతయి" అని తనే రాసి, తనే పడీ పడీ నవ్వింది.

చివరికి ఒకాయన ఇచ్చాడు. ఆ ఇంట్లో ఉండగానే బాబాయి ఆసుపత్రిలో పోయాడు. అంబులెన్స్ వచ్చేసరికి ఓనరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "లోపలికి తేవద్దమ్మా. కిరాయిదార్ల శవం ఇంట్లకొస్తే మాకు మంచిది గాదు." రోడ్డు పక్కన టెంటు వేసి బాబాయిని పడుకోబెట్టాం. ఆటోలు హారన్ కొట్టుకుంటూ పోయాయి. చిన్నమ్మ అదీ రాసింది. కులం తెలిసి ఇల్లిచ్చిన మంచివాడని కూడా రాసింది. నాకు ఒళ్లు మండింది. "మంచోడే గద. గా ముచ్చట గూడ రాయాలె" అంది. అప్పటి నుంచి ఆమెకు ఒకటే భయం. "నన్ను రోడ్డు మీద పెట్టొద్దు బిడ్డా."

కొల్లూరులో సర్కారు డబుల్ బెడ్రూం ఇల్లు సొంతానికి వచ్చాక కూడా ఆ భయం పోలేదు. అన్ని కులాలూ, మతాలూ ఉన్న అంతస్తు. ఎవరో ఒకరు అడ్డం చెప్పకపోతారా అనుకునేది.

నేను వెళ్లేసరికి చిన్నమ్మ హాల్లో చాప మీద ఉంది. స్ట్రెచర్ లిఫ్టులో పట్టకపోతే ఎదురింటి ఆటో భాయ్, ఆయన కొడుకులు మెట్ల మీదుగా మోసుకొచ్చారట. కాసేపటికి బ్లాకు కమిటీ పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చి, "ఎప్పుడు తీస్కపోతరు?" అన్నాడు.

"అమ్మతోని పనిచేసేటోళ్లు షిఫ్టు దిగి రావాలె. సాయంత్రమైతది" అన్నాడు తమ్ముడు.

"కానియ్యుండ్రి. ఆమె ఇల్లే గద" అని ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నాడు.

అప్పుడు ఏడ్చాను, కరువుతీరా.

కంపెనీ బస్సు దిగి ఆడవాళ్లు వచ్చారు. పూలు పెట్టి, ఏడ్చి, చిన్నమ్మ చుట్టూ కూర్చున్నారు. వాళ్లలో ఒకామె, పొద్దుటి నుంచి నిలబడి పనిచేసిన కాళ్లు చాపుకొని, గోడకు ఆనుకొని, చిన్నమ్మ పక్కనే నిద్రపోయింది. ఎవరూ లేపలేదు. తమ్ముడు లేచి ఫ్యాను కొంచెం పెంచాడు.