సీటుబెల్టుకు బండి కందెన

మేనకోడలి నిశ్చితార్థంలో, కేవలం ఒక సీటుబెల్టు సాయంతో, మా వంశప్రతిష్ఠను ఒంటిచేత్తో ఎలా పాతిపెట్టానో చెబుతాను. నవ్వితే నవ్వండి. ఆ రోజు నవ్వనిది నేనొక్కణ్ణే.

చర్ల దగ్గర మా ముత్తాతగారు దగ్గితే పదూళ్లవాళ్లు మంచినీళ్లు తెచ్చేవారట. నా కాలానికి వచ్చేసరికి ఎంత దగ్గినా మా ఆవిడ "ఆ చుట్ట పారేయండి" అనడమే. తాతలు నేతులు తాగారు. నేను నా మూతి వాసన చూడండని ఊరంతా తిరుగుతుండేవాణ్ణి. మాకు మిగిలిన ఆస్తి ఇంటిపేరు, ఒక పాత కారు, బంధువుల శుభకార్యాల్లో మొదటి తాంబూలం అందుకునే హక్కు. ఆ హక్కు మీద మా చిన్నాన్న కొడుకు కన్నేసి ఉన్నాడు. ముహూర్తానికి నేను అందకపోతే అది అతని చేతిలో పడుతుంది. పడితే ఇక మళ్లీ వస్తుందా?

నిశ్చితార్థం భద్రాచలంలో. దానికి ముందు కారులో ఒక చప్పుడు మొదలైంది. కిర్ర్ర్... టక్. గుంత వస్తే చాలు, కిర్ర్ర్... టక్. మా రోడ్డులో గుంత లేని చోటు దొరకడం కష్టం కనుక అది దాదాపు భజనలా సాగేది. తలుపును అనుమానించాను. చక్రాన్ని అనుమానించాను. సీటు కింద ఎలుక కాపురం పెట్టిందని సీటు పీకేశాను. పల్లీ పొట్టు దొరికింది.

మా బామ్మర్ది వెంకన్న పక్కన కూర్చుని విన్నాడు.

"బావా, గది సీటుబెల్టు. నువ్వు పెట్టుకోవు గద, దాని ఇనుప బిళ్ల ఊగి కారు గోడకు కొట్టుకుంటంది. పెట్టుకో, ఆగుతది."

"మా ఇంట్లో కట్టేసేది ఎడ్లను. నన్ను కాదు."

"ఎడ్లను ఎప్పుడో అమ్ముకుంటిరి గద!"

ఆ మాట నేను వినలేదు. వినకపోవడం మా వంశంలో ఒక విద్య.

మా తాతగారి సవారీ బండి ఇరుసు కిర్రుమంటే కందెన రాసేవారు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపితే వచ్చే నల్లటి ముద్ద అది. బండి పోయింది, ఎడ్లు పోయాయి, కందెన డబ్బా మాత్రం వారసత్వంగా నాకు దక్కింది. ఎండిపోయి ఉంటే కొత్త ఆముదం పోసి మెత్తగా కలిపాను. బెల్టు దూరే సందులోకి పిడికెడు కుక్కాను, బిళ్లకు పట్టించాను.

"ఇది కారా, బండా బావా?"

"కందెనకు లొంగని చప్పుడు భూమ్మీద లేదురా!"

లేదు మరి. కిర్రు పోయింది. బిళ్ల గోడకు అతుక్కుని, అత్తగారి ముందు కొత్తకోడలిలా నోరు మూసుకుంది.

నిశ్చితార్థం రోజున మా ఆవిడ ముందే వెళ్లింది. నేను గంజి పెట్టిన తెల్ల లాల్చీ తొడిగాను. నేను లేకపోయినా తనంతట తానే నిలబడగలిగిన లాల్చీ అది. వెంకన్నతో బయలుదేరాను. దారిలో పోలీసు క్యాంపు దగ్గర కానిస్టేబుల్ ఆపాడు.

"సార్, బెల్ట్?"

"నేనెవరో తెలుసా?"

"తెల్వదు సార్. బెల్ట్ పెట్టుకోండ్రి, లేకుంటే బండి పక్కకు పెట్టుండ్రి."

వెంకన్న నా చెవి కొరికాడు. "జల్దీ పెట్టుకో బావా! ఆడ నీ తమ్ముడు చెయ్యి చాపుకొని కూసున్నడు."

తాంబూలం కోసం తలవంచాను. అంటే, తల కాదు, మాట వరసకు. బెల్టు లాగి బిగించాను.

హాలు ముందు కారు దిగగానే వెంకన్న గొంతు మారిపోయింది.

"బావా, ఒక్కసారి కిందికి చూసుకో."

"కిందికి చూడటం మా వంశంలో లేదు."

"గది కాదు బావా, లాల్చీ..."

"ముహూర్తంరా!"

లోపల అడుగు పెట్టాను. పెనుబల్లి నుంచి వచ్చిన, నన్నెప్పుడూ చూడని మగపెళ్లివాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు! ముత్తాతగారి రోజులు తిరిగి వచ్చాయనుకున్నాను. కళ్లు చెమర్చాయి. పెళ్లికొడుకు తండ్రి చేతులు జోడించి పరుగున వచ్చి, నన్ను దాటి, గుమ్మంలోకి తొంగి చూశాడు.

"ఏమయ్యా, అయ్యగారు కారు దిగారా?"

"ఏ అయ్యగారు?"

"అదేనయ్యా, కలెక్టరు గారు! మావాడు ఆ ఆఫీసులోనే గుమాస్తా. పిలిచాం గానీ, వస్తారనుకోలేదు సుమా!"

అప్పుడు, వంశచరిత్రలో తొలిసారి, కిందికి చూసుకున్నాను. కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా నాలుగు వేళ్ల వెడల్పున నల్లటి అడ్డపట్టీ. దాని కొసన బిళ్ల అచ్చు. తెల్లబట్టల మీద ఎర్ర పట్టీ, బిళ్ల వేసుకుని కలెక్టరు ముందు నడిచే బంట్రోతుకూ నాకూ రంగే తేడా. సంబరంలో ఉన్నవాళ్లు రంగులు చూడరు.

నేను బంట్రోతును కానని తల అడ్డంగా ఊపాను. దాన్ని ఆయన మరోలా అర్థం చేసుకున్నాడు.

"రాలేదా? పోనీలే పాపం, ఎన్ని పనులో! అయినా మొదటిది ఆయనకే." పండ్లు, వక్కలు, తమలపాకులు ఉన్న పళ్లెం తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "జాగ్రత్తగా అయ్యగారికి అందించు. వెనకవైపు భోజనాలు పెడుతున్నారు, తినిపో."

కాబట్టి మొదటి తాంబూలం మా వంశం చేతిలోనే పడిందని చరిత్ర రాసేవాళ్లు గమనించగలరు. మా చిన్నాన్న కొడుకు కండువా నోట్లో కుక్కుకుని కుర్చీలో కూలబడ్డాడు. మా ఆవిడ నన్ను ఎరగనట్టు గోడవైపు తిరిగింది.

అందుకే, ముత్తాతగారి దగ్గు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: కారులో ఏ చప్పుడొచ్చినా సన్నాయి మేళమనే అనుకుంటాను, ఎక్కగానే బెల్టు పెట్టుకుంటాను, తల దించి లాల్చీ చూసుకోనిదే ఏ గుమ్మంలోనూ తల ఎత్తను.