నా గుమ్మం దాటిన చాక్‌పీసుల డబ్బా

మన్ను కోసం చెరువుకెళ్లి ఉండగా, మా బావ పోయాడని చెల్లి ఫోన్ చేసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మూడేళ్లకి పైగా ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నా మనవరాలి చదువుకి చందాల డబ్బా పట్టుకుని ఊరంతా తిరిగావు, నా గుమ్మం ముందు ఎందుకు ఆగలేదు అని. ఈ ఏడు వినాయకుల పని మొదలెట్టే ముందు అడిగేద్దామనుకున్నాను. ఆయన పొద్దున్నే టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకి చేరబడి, అలాగే వెళ్లిపోయాడు. అడగనిస్తే కదా.

బావంటే నా చెల్లి మొగుడు, నన్నూ బావా అనే పిలిచేవాడు. మీ అందరికీ డ్రాయింగు మాస్టారు. ఆయన శిష్యులు నలుగురు వచ్చి, మాస్టారి మీద పుస్తకం వేస్తున్నాం, నువ్వూ ఓ నాలుగు ముక్కలు రాయి పెద్దాయనా అన్నారు. నేను మూడో తరగతితో ఆపేసినవాణ్ని. చవితికి వినాయకులు, దసరాకి అమ్మవార్లు చేసుకుని పాతపట్నంలో బతుకుతున్నవాణ్ని. ఒడిశా పర్లాకిమిడి నుంచి కూడా వచ్చి నా బొమ్మలు పట్టుకెళ్తారు. రాతలో తప్పులుంటే దిద్దుకోండి. మాటలో మాత్రం చెయ్యి పెట్టొద్దు.

మా రెండిళ్లకీ మధ్య ఒక్క కంచె. బావ రోజూ సాయంత్రం ఆ కంచె మీద మోచేతులు ఆనించి నిలబడేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ చాక్‌పీసు ముక్కలే. రిటైరయిపోయాక కూడా ఉండేవి. కళ్లజోడు తువ్వాలు కొసతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుని నా పని చూసేవాడు.

"బావా, ఈ ఏడు నీ వినాయకుడు పక్కింటోడి మీద అలిగినట్టున్నాడు."

"నీ కళ్లజోడు పెట్టుకుని సూడు."

"పెట్టుకోకుండానే కనిపిస్తన్నాది. ఎడమ చెవి సూడు ఒకసారి."

ఆయన లోపలికి వెళ్లాక చూసేవాణ్ని. చెవి నిజంగానే కిందకి జారి ఉండేది. సరిచేసేవాణ్ని. మర్నాడు బావ వచ్చి ఆ చెవి వంక చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. ఏదైనా అంటే పడేవాణ్ని. అనకపోవడమే నాకు మండేది.

బడిలో ఆయన మాట ఒకటుండేదంట, మీకు తెలుసు. "కనిపించిందే గియ్యండి, తెలిసింది గియ్యకండి" అని. ఆ మాట మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్తాను.

నా కూతురూ అల్లుడూ కట్టడం పనులకి చెన్నై వెళ్లిపోతే, వాళ్ల పిల్ల నా దగ్గరే పెరిగింది. ఆ పిల్లకి పుట్టిన దగ్గర్నుంచీ చూపు సరిగ్గా లేదు. వెలుతురూ నీడా తెలుస్తాయి. మనిషి దగ్గరికొస్తే ఆకారం తెలుస్తాది. మొహం తెలీదు. నేను దాన్ని మన్నులో కూర్చోబెట్టాను. మన్ను తడి సరిపోయిందో లేదో చెంపకి ఆనించి తెలుసుకోవడం, ఊక ఎంత కలపాలో పిడికిలితో పట్టడం, మట్టి ఆవు తోక విరక్కుండా కాలికి అంటించడం, అన్నీ నేను నేర్పినవే. పదేళ్లొచ్చేసరికి అది చేసిన పిచికని నేనే నిజం పిచికనుకుని ఒకసారి అదిలించాను.

ఇంటర్ అయ్యాక బావ కంచె దగ్గరికొచ్చి, దీన్ని విశాఖ పంపాలి, బొమ్మల చదువు ఉంది అన్నాడు.

"ఇంట్లో ఉన్న చదువు సాల్దేటి?"

"నీ దగ్గరున్నది పని, బావా. దానికి సదువు కూడా కావాలి."

"నీ దగ్గరున్నదేటి?"

"నా దగ్గర ఏటీ లేదు. అందుకే పంపమంటన్నాను."

అక్కడ పరీక్షలో గీతలు గియ్యాలంట. బావ కిటికీకి కొట్టే దోమల జాలీ ముక్క తెచ్చి చెక్కకి బిగించాడు. దాని మీద కాగితం పెట్టి మైనం క్రేయానుతో గీస్తే గీత గరుగ్గా తేలుతాది, వేలికి తగుల్తాది. పిల్ల రోజూ కంచె అవతలకి వెళ్లడం మొదలెట్టింది. అక్కడ్నుంచి బావ గొంతు వినిపించేది. "తగిలిందే సెయ్యి అమ్మా, తెలిసింది సెయ్యకు." నేను ఇవతల మన్ను తొక్కుతూ వినేవాణ్ని. పద్దెనిమిదేళ్లు నేను నేర్పినదానికి ఆ పిల్ల నన్ను తాతా అంది. ఆర్నెల్లు జాలీ మీద గీయించినందుకు ఆయన మాస్టర్ తాత అయిపోయాడు.

సీటు వచ్చింది. హాస్టలుకీ, చదివిపెట్టే ఫోనుకీ, మిగతా ఖర్చులకీ మా ఎవరి దగ్గరా లేదు. బావకొచ్చే పింఛను చెల్లి మందులకే పోయేది. అప్పుడు ఆయన చాక్‌పీసుల చెక్క డబ్బాకి మూత మీద చీలిక కోసి, మర్నాడే చందాలకి బయల్దేరతానన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పాతపట్నం బజారులో ఎవరు కొట్టు తెరిచినా మొదటి బేరం నా చేత చేయిస్తారు. నా చెయ్యి మంచిదని పేరు. నేను బోణీ చేసిన కొట్టు ఇప్పటిదాకా మూతపడలేదు. అలాంటిది నా మనవరాలి డబ్బాకి బోణీ ఇంకెవరు చేస్తారు? ఆ పొద్దున్న స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, దసరా బొమ్మలకి వచ్చిన బయానా నడుముకి దోపుకుని అరుగు మీద కూర్చున్నాను. బావ రాలేదు. బస్టాండులో టీ కొట్టావిడ చేత బోణీ చేయించాడని పదిగంటలకి తెలిసింది.

నేను ఊరుకోలేదు. వెనకాలే వెళ్లాను, కాస్త దూరంగా. నూనెల షావుకారు కొట్లో బావ డబ్బా పెట్టి, సంచిలోంచి మా పిల్ల చేసిన మట్టి ఆవుని తీశాడు. ఆ షావుకారు కూడా ఆయన శిష్యుడే.

"కళ్లు మూసుకోరా."

"ఎందుకు మాస్టారూ, దొంగనోటు ఇత్తారేటి?"

"మూసుకుని సెయ్యి సాపు."

షావుకారు తడిమాడు. "కొమ్ములున్నాయి. మా మావగారా?"

కొట్లో ఉన్నోళ్లు నవ్వారు.

"కిందకి తడుము."

"ఆవు. దూడ పాలు తాగుతున్నాది." వేలు ఇంకా కిందకి పోనిచ్చాడు. "నాలిక కూడా తగుల్తున్నాది మాస్టారూ."

"సూపు లేని పిల్ల సేసింది. విశాఖలో సదువుకుంటాది."

"బలే నేర్పారు మాస్టారూ."

బావ నవ్వి డబ్బా ముందుకి జరిపాడు. నేర్పింది నేను కాదు, మా బావ అని ఒక్క ముక్క అనలేదు. పక్క కొట్లో నిలబడి విన్నాను. ఊరికే నిలబడితే బాగోదని సబ్బు కొన్నాను. అలా ప్రతి కొట్టు దగ్గరా. ఇంటికొచ్చేసరికి చేతిలో నాలుగు సబ్బులు.

ఆ బయానా డబ్బు పట్టుకుని తర్వాత విశాఖ హాస్టలుకి వెళ్లాను. "మాస్టర్ తాత అన్నీ కట్టేశారు తాతా, నువ్వు నీ మోకాలికి మందు కొనుక్కో" అంది పిల్ల. మంచి మాటే. బస్సులో పాతపట్నం వచ్చేదాకా ఆ మంచి మాట నన్ను నమిలేసింది.

మొన్న ఎండాకాలం సెలవులకి వచ్చింది. ఒక మధ్యాహ్నం కంచె ఇవతల నేను మన్ను నానేస్తున్నాను. బావ బల్ల మీద కూర్చున్నాడు, కళ్లజోడు చేతిలో. పిల్ల ఎదురుగా నిలబడి రెండు చేతులతో ఆయన మొహం తడుముతున్నాది. నుదురు, కనుబొమలు, ముక్కు పక్కలు.

"కదలకు మాస్టర్ తాతా."

"ముక్కు మీద ఈగ వాలిందమ్మా."

"అది ఈగ కాదు, నా వేలు."

ఆయనకి నవ్వాగలేదు. "నవ్వితే బుగ్గ మారిపోతాది. మళ్లీ మొదట్నుంచి" అంది. గంటసేపు. నా చేతిలో మన్ను ఎండిపోయింది. అక్కడయ్యాక నా దగ్గరికొస్తాదనుకుని, మొహం కడుక్కుని పీట మీద కూర్చున్నాను. పిల్ల వచ్చి, చోడంబలి తాగి, పడుకుంది.

ఆ మొహం మన్నులో అయింది. పెద్దకర్మ నాడు పటం బదులు దాన్నే పెట్టారు. నేను దగ్గరగా కూర్చుని తప్పు వెతికాను. యాభై ఏళ్ల పనివాణ్ని, తప్పు దొరక్కపోదు. ముక్కుకి రెండు పక్కలా కళ్లజోడు ఆనిన గుంటలు. ఎడమ కనుబొమ కుడిదానికంటే గింజంత పైన. అన్నేళ్లు కంచె మీద ఆ మొహాన్ని చూశాను, ఆ సంగతి నాకు తెలీదు. చెల్లి దాని చెంప మీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి తీసుకుంది. ఒక్క తప్పు దొరికినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

భోజనాలయ్యాక చెల్లిని అడిగేశాను. బోణీకి నన్నెందుకు పిలవలేదు మీ ఆయన అని.

"వచ్చారన్నయ్యా. డబ్బా పట్టుకుని ముందు నీ దగ్గరికే వచ్చారు. నువ్వు షెడ్డులో ఎవడి మీదో అరుస్తన్నావంట, నా మనవరాలి పేరున డబ్బా పట్టిన సెయ్యి ఇరిసేస్తానని."

అన్నాను. ఊక తెచ్చే బండివాడు, మీ పిల్ల పేరున ఊరంతా అడుక్కుంటారంట కదా అని వెటకారం ఆడితే, ముందురోజు చందాల మాట విన్న కోపమంతా కలిపి అరిచాను. అరిచాకే స్నానం చేసి పంచె కట్టాను.

"తర్వాతైనా పిలవొచ్చు కదా?"

"నువ్వు పిలవొచ్చు కదా?" అంది చెల్లి. విస్తళ్లు ఎత్తుకుని వెళ్లిపోయింది.

నా చెయ్యి పడని బోణీతోనే ఆ పిల్ల నాలుగో ఏడుకి వచ్చింది. అది మా బావ చలవే. రాసేశాను, మళ్లీ అడగొద్దు.

ఇక్కడ్నుంచి నా మనవరాలికి. అమ్మడూ, ఈ పుస్తకం నీ ఫోను నీకు చదివి వినిపిస్తాదని చెప్పారు. అందుకే ఇందులో రాస్తున్నాను. ఎదురుగా అడగడం నాకు చేతకాదు, చేతకాక ఏం పోగొట్టుకున్నానో పైన రాశాను. నా గొంతు నీకు తెలుసు. నా దగ్గు తెలుసు, నా చేతులు తెలుసు. నా మొహం ఎలాగుంటాదో తెలుసా? అంత బాగోదు. ఒక పక్క పళ్లు ఊడి దవడ లోపలికి పోయింది, నుదుటి మీద చిన్నప్పుడు ఎద్దు పొడిచిన మచ్చ ఉంది. ఉన్నదున్నట్టు చెయ్యి, నేనేమీ అనుకోను. చవితికి ముందొచ్చే ఆదివారం బేరాలొచ్చినా తిప్పి పంపేస్తాను. పొద్దున్నే గెడ్డం గీసుకుని, వెలుతురు పడేచోట పీట వేసుకుని, తల కదపకుండా కూర్చుంటాను. వస్తావా, రావా? శనివారం పొద్దుగూకేలోగా నాకు చెప్పు.