సీసాలో ఆకుపచ్చ పోగులు

ఆ రోజుల్లో మనకేం కావాలో మన నోటితో మనమే చెప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ శ్రమ కూడా తప్పింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మనుమణ్ణి నీ పనేమిటని అడిగితే "బిగ్ డేటా, అమ్మమ్మా" అన్నాడు. లక్షల మంది ఏం చూశారు, ఏం కొన్నారు, ఏ ఊళ్లో ఎప్పుడు కొన్నారు అనే చిన్న చిన్న ముక్కలన్నీ ఒకచోట పోగేస్తే అందులో ఒక వరస కనిపిస్తుందట. ఆ వరస పట్టుకున్న వ్యాపారికి రేపు ఏ సరుకు తెప్పించాలో ఇవాళే తెలిసిపోతుందట. వాడు ఓపికగా చెబుతుంటే నాకు నవ్వాగలేదు. (అర్థం కాలేదేమో అనుకుని పాపం మళ్లీ మొదలుపెట్టాడు.) ఆ విద్య మా అన్న ఎప్పుడో జనగామలో చేశాడు, బిస్కెట్ సీసాలతో.

అమ్మానాన్న మా చిన్నప్పుడే పోయారు. నన్ను పెంచింది అన్నే. నాకు జడ వేయడం కూడా తనే నేర్చుకున్నాడు. (ఆ జడ ఎప్పుడూ ఎడమకే వంగేది.) అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డప్పుడు ఆగిన తన చదువు మళ్లీ ముందుకు సాగలేదు. నాలుగేళ్లు అక్కడా ఇక్కడా పనిచేసి, నా పెళ్లి చేసి, తన పెళ్లి మరిచిపోయి, జనగామ బజారులో బట్టల దుకాణం పెట్టాడు. మా ఆయన ఆ ఊళ్లోనే బడిపంతులు. వెనక వీధిలోనే మా ఇల్లు కావడంతో పగలంతా నేను దుకాణంలో కూర్చుని ఆడవాళ్లకు చీరలు చూపించేదాన్ని.

గల్లా వెనక అలమరలో ఊరికొక ఖాళీ బిస్కెట్ సీసా ఉండేది. నర్మెట్ట నుంచి వచ్చినవాళ్లు ఎర్రచీర కొంటే, అరుగు మీద దర్జీ దగ్గర ఎర్రదారం పోగు ఒకటి తీసి నర్మెట్ట సీసాలో వేసేవాడు అన్న. ఏ సీసాకు ఏ రంగు ఎక్కుతోందో దూరం నుంచే తెలిసేది. పత్తి అమ్ముడయ్యాక ఏ ఊరికి జరీ అంచులు కావాలో, నాట్లప్పుడు ఏ ఊరికి ముదురు రంగులు కావాలో సీసాలు చూసి ముందే తెప్పించేవాడు. పక్క దుకాణాల వాళ్లు మంత్రమేదో ఉందనుకున్నారు. ఒక్కటే నియమం: కొనేవాణ్ణి ఎందుకని అడగకూడదు. "ఎందుకని అడిగితే గిరాకి జారిపోతది చెల్లే. మనకు రంగు తెలిస్తే సాలు" అనేవాడు.

అట్లా ఉండగా ఒక అధిక మాసం వచ్చింది. దాని వెంట ఒక మాట కూడా వచ్చింది. ఎవరు పుట్టించారో గానీ బస్సు కంటే ముందే ఊళ్లన్నీ తిరిగింది. ఆ నెల దాటేలోగా అన్నదమ్ములు ఆడబిడ్డకు ఆకుపచ్చ చీర పెట్టాలట. పెట్టకపోతే అన్నదమ్ములకే కీడట. అన్నిటికీ మించి, ఆడబిడ్డ నోరు తెరిచి అడిగితే ఆ చీర లెక్కలోకి రాదట!

దుకాణానికి మగవాళ్లు వరసగా వచ్చి ఆకుపచ్చ చీరలు పట్టుకుపోతున్నారు. ఎందుకో వాళ్లు చెప్పరు, అన్న అడగడు. సీసాలన్నీ పచ్చిమిరపకాయల గంపల్లా తయారయ్యాయి. అన్న ముఖం వెలిగిపోయింది. "చూసినవా చెల్లే, జనం టేస్టు మారింది!"

నాకు అసలు సంగతి తెలుసు. కానీ చెప్పడమెట్లా? చెబితే అడిగినట్టే. ఇట్లాంటి మాటలు నమ్మేదాన్ని కాదు నేను. కాకపోతే ఉన్నది ఒక్క అన్న. తన మీద పందెం కాసి నమ్మకాలు పరీక్షించే ధైర్యం నాకు లేదు. అందుకని చిరుగుల చీర కట్టుకుని దుకాణానికి పోయాను. "ఇంట్ల చీరలు ఎండలేదా?" అన్నాడు. ఆకుపచ్చ చీర భుజం మీద వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగాను. "మడత చెడగొట్టకు, అమ్మాలె" అన్నాడు. ఇంటికొచ్చి ఏడిస్తే మా ఆయన "పోనీ నేను కొనిస్త" అన్నారు. (ఆ పూట ఆయనకు పచ్చడి మెతుకులే.)

నెల ఆఖరుకు స్టేషను నుంచి రిక్షాలో రెండు మూటలు దిగాయి. అన్నీ ఆకుపచ్చవే. ఇన్ని చీరల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నా చేతిలో పెట్టరాదా అని లోపల్లోపల మొక్కుకున్నాను. అన్న మూటలు విప్పాడు, అలమర నింపాడు, చేతులు దులుపుకున్నాడు. అధిక మాసం వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నుంచి ఆకుపచ్చను తాకినవాడు లేడు. వారం గడిచాక నర్మెట్ట పెద్దమనిషి ఒకాయన ధోవతులకు వస్తే అన్న పట్టువదలకుండా ఆకుపచ్చ చీర పరిచాడు.

"మొన్ననే ఇద్దరు చెల్లెండ్లకు పెట్టిన గద సేటూ, మల్లెందుకు? మాసం గూడ ఎల్లిపాయె."

"మాసమేంది?"

ఆయన మొత్తం చెప్పాడు. చెప్పి, నా వైపు చూసి, "గీ బిడ్డెకు నువ్వు పెట్టలేదా ఏంది?" అన్నాడు.

అన్న అప్పటికీ నా ఒంటి మీదున్న చిరుగుల చీర వంక చూశాడు. ఆ చూపుకు నేను తల వంచుకున్నాను. మూటలకు మూటలు మునిగిపోయాయని ఒక్క మాట అనలేదు. "నీకు ఎరికేనా?" అన్నాడు.

"ఎరికే."

"మరి చెప్పవైతివి?"

"చెప్తే నీకు పనిచెయ్యదాయె."

అన్న అలమరలోంచి ఒక చీర ఏరి, దర్జీతో కుంకుమ తెప్పించి, నాకు బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టాడు. "నెల దాటింది గద, పనిచేస్తదా?" అన్నాడు. "అడగకుంట పెట్టినవు గద, చేస్తది" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. నర్మెట్ట పెద్దమనిషి మొహమాటపడి ఒక ఆకుపచ్చ చీర కొన్నాడు. మిగిలినవి లంగాలయ్యాయి, దిండు గలీబులయ్యాయి. మా ఇంటి దర్వాజాలకు చాలా ఏళ్లు ఆ పరదాలే.

ఇప్పుడు నా ఫోను రోజూ ఆకుపచ్చ చీరలు చూపిస్తుంది. "నీకేం కావాలో దానికి తెలుసు అమ్మమ్మా" అంటాడు మనుమడు. తెలిస్తే అడగకుండా పంపమనరా అంటాను.

మా అన్న పంపుతాడు. ఆ ఏడు మొదలు ప్రతి ఏడూ, అధిక మాసమున్నా లేకున్నా. ఈసారి తనే చేతికర్ర పట్టుకుని వచ్చాడు. కళ్లలో పొర ముదిరింది, ఆపరేషనుకు భయం. చీర చేతిలో పెట్టి అడిగాడు: "ఆకుపచ్చే గద చెల్లే?"

చీర మడత విప్పి చూశాను. నీలం. ముదురు నీలం. అద్దం ముందు ఆకుపచ్చ కోసం అటూ ఇటూ తిరిగిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"ఆకుపచ్చే అన్నా" అన్నాను.