టీనా పేరు మీద కొన్న క్యాంపర్

మార్లా డ్వోరాక్ చెడ్డ మనిషి కాదు. ఎల్క్ ఫోర్డ్ బడి వంటగదిలో పిల్లలకు వడ్డించే మనిషి. డబ్బు తెచ్చుకోని పిల్లవాడికి కూడా పళ్ళెం నింపేసి, పైవాళ్ళు అడిగితే "నేను చూడలేదే" అనేసే రకం. ఆమె గురించి ఊళ్ళో ఎవరిని అడిగినా మంచే చెబుతారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

విస్కాన్సిన్ ఉత్తరాన ఆ మూల, చలికాలమంతా మంచు ఎత్తిపోసుకున్న జనం వేసవి కోసం ముఖం వాచిపోయి ఉంటారు. ఎండ కాస్త చురుక్కుమందంటే చాలు, ఇంటికి తాళం వేసి చెరువు గట్టుకు చేరుకుని రాత్రిళ్ళు కూడా అక్కడే గడుపుతారు. కలిగినవాళ్ళకు లోపలే పడుకునే ఇల్లంత క్యాంపర్ బండ్లు. డ్వోరాక్‌లకు మాత్రం పెళ్ళప్పుడు ఎవరో ఇచ్చిన గుడారం. కిందటేడు వాన కురిసిన రాత్రి ఆ గుడారంలోకి నీళ్ళు వచ్చి, పక్కబట్టలు తడిసి, కవలలిద్దరికీ జలుబు చేసి, కుటుంబం మొత్తం ట్రక్కులో కూర్చుని తెల్లారబెట్టింది. "అందరికీ క్యాంపర్లున్నాయి, మనకే లేదు," అని పెద్దపిల్ల టెస్సా ఏడుస్తుంటే మార్లా దాన్ని దగ్గరికి తీసుకుంది. వచ్చే ఏటికల్లా ఎలాగైనా ఒకటి కొంటానని ఆ రాత్రే మాటిచ్చింది.

ఆమె మనసు పడింది మడత క్యాంపర్ మీద. మూసి ఉన్నప్పుడు చక్రాలున్న పెట్టెలా, ట్రక్కు వెనకాల బుద్ధిగా వస్తుంది. చెరువు గట్టున ఆపి పిడి తిప్పితే కప్పు పైకి లేస్తుంది, రెండు పక్కలా రెండు మంచాలు బయటికి వస్తాయి, చుట్టూ గుడ్డ గోడలు. కొత్తది కొనే తాహతు లేదు. పాతవి మే నెలలో రోడ్డు పక్క గడ్డిలో అమ్మకానికి పెడతారు గానీ, పొద్దున పెట్టింది సాయంత్రానికి ఉండదు. ఆ వసంతంలో అప్పటికే రెండు ఆమె చేతిదాకా వచ్చి జారిపోయాయి.

అందుకే ఆ మధ్యాహ్నం బడి నుంచి వస్తూ, ఊరికి దూరంగా ఒంటరిగా ఉన్న ఒక ఇంటి ముందు గడ్డిలో మడత క్యాంపర్ కనబడేసరికి మార్లా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. ఆ ఇల్లు ఆర్విడ్ నైగార్డ్‌ది. పాలు పితికే యంత్రాలు బాగుచేసి రిటైరైన పెద్దాయన, భార్య ఎల్నా పోయాక ఒక్కడే ఉంటున్నాడు. తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"టీనావేనా? పొద్దున ఫోన్ చేసింది నువ్వే కదమ్మాయ్? మా ఆయన పని నుంచి వచ్చాక సాయంత్రం వస్తామన్నావు?"

కాదండీ అనాలి. మూడక్షరాల మాట. మార్లా నోరు తెరిచింది కూడా. ఇంతలో ఆమె చూపు బండి మీద పడింది. తుప్పు లేదు, గుడ్డకు చిరుగు లేదు.

"అవునండీ. పని తొందరగా అయిపోయింది," అంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. పైగా ఒకసారి జారిన నోరు ఒకచోట ఆగుతుందా? పెద్దాయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"బాబుకెలా ఉంది? వెస్లీ కదూ పేరు?"

మార్లాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత అంతా ఒక్కసారే అర్థమయింది. పెల్కీల పిల్లవాడు వెస్లీ. రక్తంలో క్యాన్సర్. బడిలో వాడి కోసం చందాలు పోగుచేసినప్పుడు తానూ వేసింది. ఆ తల్లి పేరు టీనా.

"పరవాలేదండీ," అంది నేల చూస్తూ.

"వైద్యానికి వైద్యానికి మధ్యన వాణ్ణి చెరువుకు తీసుకెళ్ళాలని చెప్పావు చూడు, రోజంతా అదే గుర్తొస్తోంది నాకు. చూడమ్మాయ్, బోర్డు మీద రాసిన ధర మిగతావాళ్ళకి. నువ్వు అందులో సగం ఇవ్వు చాలు. ఎల్నా ఉంటే ఉత్తినే ఇచ్చెయ్యమనేది."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సగం ధర అనగానే ఆమె మనసులో ఒక మూల ఆశ, ఒక మూల సిగ్గు తన్నుకున్నాయి, ఆశే గెలిచింది. పెద్దాయన మాత్రం బండిని అప్పగించేసి చేతులు దులుపుకోలేదు. కప్పు ఎత్తించాడు, దించించాడు, మళ్ళీ ఎత్తించాడు. గుడ్డ గోడలు నిలబెట్టే కర్రల్లో ఏది ఎటువైపో తెలియడానికి ఎల్నా గోళ్ళరంగుతో పెట్టిన చుక్కలు చూపించాడు. "తడిగా ఉండగా మడవకు. మడవక తప్పకపోతే ఇంటికెళ్ళగానే విప్పి ఆరబెట్టు. లేకపోతే బూజు పడుతుంది. బాబుకు అసలే మంచిది కాదు," అన్నాడు. గొళ్ళెంలో ఆమె వేలు నలిగితే లోపలికెళ్ళి ఐసు ముక్క తెచ్చి అద్దాడు. ఆ ఐసు కన్నా ఆయన మంచితనమే ఎక్కువ మండింది మార్లాకి.

మార్లా ఫోన్ చేస్తే భర్త క్లింట్ దాచుకున్న డబ్బూ ట్రక్కూ తీసుకుని వచ్చాడు. పెద్దాయన అతని భుజం పట్టుకుని, "ధైర్యంగా ఉండు నాయనా, బాబుకు తగ్గిపోతుంది," అన్నాడు. క్లింట్ తెల్లమొహం వేశాడు. వెనక నుంచి మార్లా కళ్ళతో సైగ చేసింది. "అలాగేనండీ," అన్నాడు క్లింట్. నైగార్డ్ బండి కాగితం మీద సంతకం పెట్టి, "మీ ఇంటిపేరు నాకు రాయడం రాదమ్మాయ్, నువ్వే నింపుకో," అని ఖాళీగా ఇచ్చేశాడు.

దారిలో ట్రక్కు పక్కకు ఆపి, వెనక కారులో వస్తున్న మార్లాను క్లింట్ అడిగాడు. "ఏ బాబు?"

మార్లా చెప్పింది. క్లింట్ పాల ట్యాంకరు తోలేవాడు, మామూలుగానే మితభాషి.

"వెనక్కి తిప్పనా?" అన్నాడు.

"పిల్లలకి చెప్పేశాను. ఫోన్‌లోనే చెప్పేశాను. వాకిట్లో ఎదురు చూస్తుంటారు." ఆమె తల తిప్పుకుంది. "పెల్కీలకి ఇంకోటి దొరుకుతుందిలే. అంత మంది సాయం చేస్తున్నారు వాళ్ళకి."

అతను తిప్పలేదు. అందులో అతని తప్పు ఎంతో, ఆమె తప్పు ఎంతో ఇప్పటికీ ఆ ఇంట్లో తేలలేదు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మార్లా ఆ పని శ్రద్ధగానే చేసింది. ఎక్కడ కొన్నారని ఎవరడిగినా పక్క జిల్లాలో అంది. ఎవరూ అడగకముందే కూడా అంది, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు. బండి రోడ్డు మీదికి కనబడకుండా ఇంటి వెనక పెట్టించి, పైన పట్టా కప్పించింది. అంత ఇష్టపడి కొన్న క్యాంపర్‌కు ముసుగు వేసి దాచడమేమిటని టెస్సా అడిగితే, "ఎండకు పాడవుతుంది," అంది.

చెరువు గట్టుకు ఒకసారి వెళ్ళారు. ఆ రాత్రి వాన పడింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. కవలలు గుడ్డ గోడకు చెవులు ఆనించి చినుకుల చప్పుడు వింటూ కిలకిల నవ్వారు. టెస్సా తల్లి మెడ చుట్టూ చేతులేసి, "అమ్మా, ఇది ప్రపంచంలోకెల్లా మంచి ఇల్లు," అంది. మార్లా కూతుర్ని ముద్దు పెట్టుకుంది గానీ, తేలు కుట్టిన దొంగలా పైకి అనలేక లోపల దిగమింగుకుంది. ఆ మంచం మీద పడుకోవలసిన పిల్లవాడు వేరే ఉన్నాడు. ఇది అనుకోగానే ఆమెకు పక్క మీద కుదురు లేకుండా పోయింది.

అయినా, మనిషి దేనికైనా అలవాటు పడతాడు. ఈ సిగ్గుకు కూడా నాలుగు రోజుల్లో అలవాటు పడిపోయేదేమో. లూయెన్ నోరు విప్పకపోయి ఉంటే.

లూయెన్ బడి వంటగదిలో ఆమె జోడీ. ఊళ్ళో చీమ చిటుక్కుమన్నా ఆవిడకు తెలియాల్సిందే. వేసవి సెలవులకు ముందు ఆఖరి వారం, ఇద్దరూ బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చున్నారు.

"ఏమే మార్లా, ఆర్విడ్ నైగార్డ్ సంగతి విన్నావా? పాపం, మతి పోయిందట."

మార్లా చేతిలో కత్తి ఆగింది. "ఎవరన్నారు?"

"ఎవరేంటి, వాళ్ళమ్మాయి షారనే. ఆయన క్యాంపర్ టీనా పెల్కీకి ఇస్తానన్నాడట. సాయంత్రం టీనా, మొగుడూ వెళ్తే బండి లేదు. 'మధ్యాహ్నమే వచ్చి తీసుకెళ్ళావుగా' అంటాడట ఆవిడతోనే! నేను రాలేదండీ అంటే, 'వచ్చావు, ఐసు పెట్టాను నీ వేలికి' అంటాడట. టీనా భయపడిపోయి షారన్‌కి ఫోన్ చేసింది."

"మరి... ఎవరో మోసం చేసి ఉండొచ్చుగా?"

లూయెన్ నవ్వింది. "నీకేమైనా పిచ్చా? జబ్బు పిల్లాడి పేరు చెప్పుకుని బండి కొట్టేసే మనిషి ఈ ఊళ్ళో ఎవరుందే? నువ్వు చేస్తావా? నేను చేస్తానా? అందుకే, ఎవరో దారిన పోయేవాళ్ళకి అమ్మేసుకుని మర్చిపోయాడని అందరూ అనుకుంటున్నారు. మొన్న చలికాలంలో ఒకసారి పొయ్యి ఆర్పడం మర్చిపోయాడుట కూడాను. షారన్ కారు తాళాలు తీసేసుకుంది. ఇల్లు బేరం పెట్టారు. వచ్చే నెల ఆయన్ని ముసలివాళ్ళ ఆశ్రమంలో చేరుస్తున్నారు."

"ఆయనేమంటున్నాడు?"

"ఏమంటాడు? మొదట్లో గట్టిగా పోట్లాడాడట. ఇప్పుడు ఆయనా నమ్మేశాడు. పొద్దున్నే కాఫీ హోటల్‌కి పేకాటకి వచ్చేవాడా, అదీ మానేశాడు. 'నా తల మీద నాకే నమ్మకం లేదు, మీ ముక్కలు పాడుచెయ్యడమెందుకు' అన్నాడట. ఏంటే అలా అయిపోయావు? వేలు తెగిందా?"

తెగలేదు. మార్లా లేచి గిడ్డంగి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పిండి బస్తా మీద కూర్చుని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఒక పిల్లవాడి బండి ఎత్తుకొచ్చాననుకుంది ఇన్నాళ్ళూ. ఎత్తుకొచ్చింది ఒక మనిషి మతిని. అదీ ఊరంతా మంచిది కాబట్టి, ఊరంతా తనను మంచిదనుకుంది కాబట్టి. నలుగురు దొంగలున్న ఊరైతే ఆ ముసలాయన్ని పిచ్చివాడనేవాళ్ళు కాదు.

ఇంటికొచ్చి క్లింట్‌కు చెప్పింది. అతను అంతా విని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"బండి నేను పెల్కీలకిచ్చి వస్తాను," అన్నాడు. "వాళ్ళకేం చెప్పాలో నేను చెప్పుకుంటాను. పెద్దాయన దగ్గరికి నువ్వు వెళ్ళాలి."

"నాకు భయంగా ఉంది క్లింట్. నా ఉద్యోగం పిల్లల మధ్యన. రేపు ఎవరి ముఖం చూడను?"

"భయంగానే ఉంటుంది," అన్నాడతను. ఓదార్చలేదు.

ఆదివారం పొద్దున క్యాంపర్ ట్రక్కుకు తగిలిస్తుంటే పిల్లలు వాకిట్లోకి వచ్చారు. ఎక్కడికి నాన్నా అంటే క్లింట్ భార్య వైపు చూశాడు. మార్లా చెప్పింది. అది మనది కాదని, అబద్ధమాడి తెచ్చానని, అంతే చెప్పింది. కవలలకు అర్థం కాలేదు. టెస్సాకు అయింది. తల్లి వైపు ఒక చూపు చూసి లోపలికెళ్ళిపోయింది. ఆ చూపు కన్నా చెంపదెబ్బ నయమనిపించింది మార్లాకు.

నైగార్డ్ ఇంటి ముందు గడ్డిలో ఇప్పుడు ఇల్లు అమ్మకానికని బోర్డు ఉంది. పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ఆమెను చూడగానే ముఖంలో ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"నిన్నెక్కడో చూశానమ్మాయ్," అన్నాడు. మళ్ళీ తనే చెయ్యి ఊపేశాడు. "వద్దులే, చెప్పకు. నాకీమధ్య చూడనివాళ్ళని కూడా చూసినట్టుంటోంది. ఏమనుకోకు."

మార్లా ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద కూలబడింది.

"చూశారండీ. నన్నే చూశారు. ఆ మధ్యాహ్నం వచ్చింది నేనే. టీనావా అని మీరడిగారు, నేను అవునన్నాను. నా వేలికి ఐసు పెట్టారు. చుక్కలు చూపించారు. మీరేదీ మర్చిపోలేదు. నేనే అబద్ధమాడాను. నా పేరు మార్లా డ్వోరాక్."

పెద్దాయన ముందుకు వంగి ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు. 

"షారన్!" అని ఇంట్లోకి కేకేశాడు. "ఇటు రా!"

గిన్నెలు కాగితాల్లో చుట్టి పెట్టెల్లో సర్దుతున్న కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, ఇప్పుడన్నది మళ్ళీ చెప్పు. మెల్లగా చెప్పు. ఈవిడ వినాలి."

మార్లా మళ్ళీ చెప్పింది. మొదటిసారి కన్నా రెండోసారే కష్టమయింది. షారన్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఎంత పని చేశావే నువ్వు!" అంది మార్లాను చూసి. తరవాత తండ్రి వైపు తిరిగింది. "నాన్నా... నువ్వు చెబుతూనే ఉన్నావు. నేను నమ్మలేదు. నాన్నా..."

"ఏడుపు తరవాత," అన్నాడు ఆర్విడ్. లేచి నిలబడి, కూతురి ముందు అరచెయ్యి చాచాడు. "తాళాలు."

షారన్ లోపలికెళ్ళి కారు తాళాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు..." అని మొదలుపెట్టింది మార్లా.

"అడక్కు. ఇవాళ నా వల్ల కాదు," అన్నాడాయన. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టు అన్నాడు. "చర్చి అయిపోయింది. ఊరంతా కాఫీ హోటల్లోనే ఉంటారు. పద, ఎక్కు. అక్కడ కూడా చెబుదువు గాని."

మార్లా మెట్టు మీంచి వెంటనే లేవలేదు. అక్కడ లూయెన్ ఉంటుంది, బడి పెద్దలుంటారు, రోజూ తన చేత వడ్డించుకునే పిల్లలు, వాళ్ళ అమ్మలు, నాన్నలు ఉంటారు. వద్దని ఒక్కమాట అంటే ఆయన బలవంతపెట్టడని కూడా ఆమెకు తెలుసు. లేచి, వెళ్ళి కారులో ఆయన పక్క సీట్లో కూర్చుంది.

ఆయన కారు నిదానంగా, ఒక్క తప్పు లేకుండా నడిపాడు. హోటల్ ముందు ఆపి, దిగి, మార్లా వైపు తలుపు తీశాడు. గాజు తలుపు అవతల ఎవరో ఆయన్ని చూసి గబగబా గుసగుసలు మొదలుపెట్టారు. ఆర్విడ్ టోపీ సరిచేసుకుని, ఆ తలుపు కూడా తనే తెరిచి పట్టుకున్నాడు. మార్లా ముందు లోపలికి నడిచింది.